పొడుగు పిల్లల కోసం మూడు రోజులు

మదనపల్లె నుంచి కుప్పం దాకా చూసొద్దామని సరదా పడి ఎవరూ బయల్దేరరు. మా మదనపల్లె వాళ్ళు చల్లగాలి కావాలంటే హార్సిలీ కొండెక్కుతారు, దేవుడు కావాలంటే తిరుపతి బస్సెక్కుతారు, ఉద్యోగం కావాలంటే బెంగళూరు పోతారు. కుప్పం వైపు బంధువుల పెళ్ళి ఉంటేనో, పొలం తగాదా ఉంటేనో తప్ప వెళ్ళరు. నేను మాత్రం ఈ జూన్‌లో పదకొండు నెలల పాపను చంకనేసుకుని, పొడుగైన ఆడపిల్లలను వెతకడానికి వెళ్ళాను. వచ్చి పది రోజులైంది. పాప పడుకున్నాక రోజుకింత రాస్తున్నాను.

నన్ను తీసుకెళ్ళింది మా సులోచన మేడం. మదనపల్లెలో నేను చదివిన ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి ఆమె ముప్పై ఒక్క ఏళ్ళుగా పీడీ, అంటే ఆటల టీచరు. బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ఆట మధ్యలో ఆమె ఏదైనా చెప్పాలంటే మేమంతా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగేవాళ్ళం. చూసేవాళ్ళు అదేదో క్రమశిక్షణ అనుకునేవాళ్ళు.

మా వైపు ఈ ఆట ఆడిన పిల్లలు కాలేజీకి రారు. ఎవరికీ తెలియదు. అందుకని ఇంటర్ ఫలితాలు వచ్చాక ప్రతి ఏడూ మేడం ఊళ్ళ వెంట పడి తిరుగుతుంది. ముందు ఎత్తు వెతుక్కోవాలి, తర్వాత ఇంట్లో వాళ్ళను ఒప్పించాలి, ఆట నేర్పడం అన్నిటికన్నా చివర. పదేళ్ళ కిందట నన్ను కూడా అలాగే పట్టుకొచ్చింది.

ఈ ఆగస్టులో ఆమె రిటైరవుతోంది. మే నెలలో ఒకరోజు మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, విషయం చెప్పింది.

"మేయ్ రేవతీ, నా కుర్చీలో నిన్ను కూసోబెట్టమని ప్రిన్సిపాల్‌తో సెప్తా. కానీ ఒగటి. బాలెయ్యడం ఎవురైనా నేర్పిస్తారు. పిల్లని ఇంట్లోంచి బయటికి తెచ్చేదే మన ఉద్యోగం. ఈసారి నాతో రా. మూడు రోజులు. నీ అంతట నువ్వు ఒగ పిల్లని ఒప్పించు. ఒప్పిస్తే కుర్చీ నీది. లేదంటే ఇంటికాడ పాపను సూసుకో, నేనేం అనుకోను."

ఆటల టీచరు కావడానికి చదివిన నా బీపీఈడీ సర్టిఫికెట్ బీరువాలో పట్టుచీరల కింద నాలుగేళ్ళుగా ఉంది. ఉద్యోగం వస్తే పగలు పాపను చూసుకుంటానని మా అత్త మాటిచ్చింది. మా ఆయన పాల డెయిరీలో పనిచేస్తాడు, "నీ ఇష్టం" అన్నాడు. ఇష్టం ఉంది. భయమూ ఉంది. పాప ఇంకా పాలు మానలేదు కాబట్టి దాన్నీ తీసుకెళ్ళక తప్పలేదు. నేను సర్దిన సంచిలో రెండు థర్మామీటర్లు ఉన్నాయి. ఒకటి తప్పు చూపిస్తే ఎలా?

మదనపల్లె మార్కెట్ యార్డు

యాత్ర అని బయల్దేరి మొదటి మజిలీ మా ఊళ్ళోనే. పొద్దున ఆరున్నరకు టమాటా యార్డులో దిగాం. మీరెప్పుడూ చూడకపోతే చెబుతాను. ఎటు చూసినా ఎరుపు. ప్లాస్టిక్ క్రేట్లు మిద్దెల్లాగా పేర్చి ఉంటాయి. వాటి మధ్య వేలం పాట, లారీ హారన్లు, కుళ్ళిన కాయల వాసన. ఆ రోజు క్రేటు నాలుగు వందల చిల్లర పలికింది. మూడు వారాల ముందు నూటయాభై కూడా రాలేదట. ఇక్కడి వాళ్ళు వాతావరణం గురించి మాట్లాడుకోరు, రేటు గురించి మాట్లాడుకుంటారు.

కాయలు ఏరే ఆడవాళ్ళ వరసలో మేడం నడుస్తూ, ఉన్నట్టుండి ఒక టమాటా తీసి ఎదురుగా ఉన్న అమ్మాయి మీదికి విసిరింది. ఆ అమ్మాయి తల కూడా ఎత్తకుండా పట్టేసింది. మేడం ఇంకొకటి విసిరింది. అదీ పట్టింది. కాయ నలగలేదు.

"సూసినావా చేతులు?" అంది మేడం నాతో. "పట్టుకునేటప్పుడు వెనక్కి తీసుకుంటాది. దీన్ని నేర్పించాలంటే నాకు ఆర్నెల్లు పడతాది."

మండీ యజమాని కేకలేస్తూ వచ్చాడు. "ఏమ్మా, అవి ఆడుకునేదానికా ఈడ పెట్టింది?"

"నలగలా కదప్పా. సూడు, గీత కూడా పల్లేదు."

"నలిగుంటే?"

"నలిగుంటే నాకు ఆ పిల్లతో పనే లేదు."

ఆయన ఏమీ అర్థం కాక నావైపు చూశాడు. నేను పాప నోట్లోంచి టమాటా తొడిమె తీసే పనిలో ఉన్నాను. ఆ అమ్మాయిని చదువు గురించి అడిగితే నవ్వి, తన పెద్ద కొడుకు మూడో తరగతి అని చెప్పింది. మేడం ఆమె భుజం తట్టి, "పదేండ్లు ముందు కనబడాల్సింది తల్లీ" అని ముందుకు కదిలింది.

పుంగనూరు బస్సు

ఇప్పుడు మన రాష్ట్రంలో ఇలాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు డబ్బుల్లేవు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. మేడానికి ఇది సంతోషమో దుఃఖమో తేలలేదు. "ముప్పై ఏండ్లు జీతం డబ్బులు పెట్టి తిరిగినా. ఇంటికి పోయే ఏడాది ఫ్రీ చేసినారు సూడు" అంది.

బస్సు కిక్కిరిసింది. కండక్టరు ఒక పొడుగాటి ఆవిడ. ఆ గుంపులో ఆమె నడక చూడాలి. భుజం ఒకపక్క వాల్చి, అడుగు మార్చి, కోళ్ళ బుట్టకూ ముసలాయన కర్రకూ మధ్య నుంచి నీళ్ళలా జారిపోతోంది. మా సీటు దగ్గరికి వచ్చి ఆగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి వంగింది.

"మేడం, బాగుండారా?"

లలితక్క! మా జట్టుకు మొట్టమొదటి కెప్టెన్. నాకంటే చాలా ముందు బ్యాచ్. ఫోటోల్లో మాత్రమే చూశాను. మేడం నావైపు తిరిగి, "దీనికి ఉద్యోగం ఇచ్చినోళ్ళకి తెలీదు గానీ, ఆ నడక నేను నేర్పించింది" అంది.

"అవును మేడం, మీరు నేర్పించినారు, జనం ప్రాక్టీసు పెట్టిస్తాండారు" అని లలితక్క విజిలేసింది. ఆ విజిల్ కూడా కండక్టర్ల విజిల్‌లా లేదు. ఫౌల్ అన్నట్టుంది.

పుంగనూరు

పుంగనూరు అనగానే అందరికీ గుర్తొచ్చేది పొట్టి ఆవు. నడుమెత్తు కూడా లేని ఆవులకు పేరుపడిన ఊళ్ళో పొడుగు పిల్లలను వెతకడమేమిటని నాకు నవ్వొచ్చింది. మేడానికి రాలేదు. ఆమె ఆ ఆవు పక్కన నిలబడితే సరిగ్గా సరిపోతుంది, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఇక్కడ మేడం పని చూశాను. బజారు వెనక వీధిలో ఒక ఇంటికి వెళ్ళి, దాహమేస్తోందని నీళ్ళడిగింది. ఇంటర్ పాసైన అమ్మాయి చెంబు తెచ్చింది. అయిదడుగుల తొమ్మిది అంగుళాలు ఉంటుంది. మేడం ఆ అమ్మాయిని చూడనే లేదు. వాళ్ళ నాన్నతో అరగంట సేపు ఆవు ఈనిన కథ మాట్లాడింది, జున్ను తింది, ఆకాశాన్ని చూసి వాన గురించి అడిగింది. లేచేముందు, "బిడ్డని ఏం చేస్తాండారు?" అంది. పది నిమిషాల్లో పని అయిపోయింది. పోటీల కప్పులు, స్పోర్ట్స్ కోటా, పోలీసు ఉద్యోగాల్లో చేరిన పాత పిల్లల పేర్లు. ఆయన అప్లికేషన్ మీద సంతకం పెట్టాడు.

"నేర్చుకున్నావా?" అంది బయటికొచ్చాక.

నేర్చుకున్నాననుకున్నాను.

ఆ రాత్రికి లలితక్క ఇంట్లో దిగాం. రాగి సంగటి, చింతచిగురు పప్పు పెట్టింది. మా ఇంట్లో సంగటి గరిటెతో వడ్డిస్తాం. ఇక్కడ గిన్నెలో ఎగరేసి ఉండ చేసి, పళ్ళెంలోకి విసురుతారు. లలితక్క విసిరిన ఉండ మూడడుగుల దూరంలో ఉన్న మేడం పళ్ళెంలో సరిగ్గా నడిమధ్య పడింది. "ఇప్పుడు పడతాది సూడు, ఆ రోజు యాడికెయ్యాల్నో తెలీలా" అంది మేడం. అప్పుడు ఆ కథ బయటికొచ్చింది.

మేడం ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె ఖోఖో ఆటగత్తె. బాస్కెట్‌బాల్ నియమాలు లైబ్రరీలో పుస్తకం తెచ్చుకుని చదివింది. కాలేజీ మైదానంలో ఒకే స్తంభం, ఒకే రింగు. రెండో రింగుకు డబ్బులు వచ్చే ఏడాది ఇస్తామని కాలేజీ వాళ్ళు ఏటా చెప్పేవాళ్ళు. దాంతో రెండు జట్లుగా విడిపోయినా అందరూ ఆ ఒక్క రింగులోనే వేసేవాళ్ళు. ఏడాదంతా అలా ఆడి, మొదటిసారి తిరుపతిలో పోటీకి వెళ్ళారు. సగం ఆట అయ్యేసరికి నాలుగు పాయింట్లు ముందున్నారు. విరామం తర్వాత వైపులు మారాలి. మారారు. లలితక్క చేతికి బాల్ రాగానే, ఎప్పుడూ ఏ రింగులో వేస్తోందో అందులోనే వేసింది. అది ఇప్పుడు తాము కాపాడుకోవాల్సిన రింగు, పాయింట్లు అవతలి జట్టుకే.

"వేసి, రెండు చేతులెత్తి గంతులేసినా" అంది లలితక్క. "మిగతా నలుగురూ వచ్చి నన్ను కౌగిలించుకున్యారు. అవతల జట్టోళ్ళు కూడా చప్పట్లు కొట్నారు."

"ఒగసారి అయితే సరే," అంది మేడం. "ఇంకో రెండు సార్లు వేసింది."

"మీరు అరిచినారు కదా మేడం, నాకు ఇనపడలా."

"నేను యాడ అరిచినానే? నాక్కూడా అర్థం కావడానికి మూడోది పడాల్సొచ్చింది!"

ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. పాప కూడా ఏదో అర్థమైనట్టు నవ్వింది. ఆ ఓటమి తర్వాత మేడం తన జీతంతో ఒక కమ్మరి దగ్గర రెండో రింగు చేయించింది. అది కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. నేను చదివేటప్పటికీ అదే ఉంది. కోడిగుడ్డులోంచి వేయడం వచ్చినవాళ్ళకు గుండ్రంగా ఉన్న రింగు ఎంత పెద్దగా కనిపిస్తుందో మాటల్లో చెప్పలేను.

సదుం

రెండో రోజు సదుం వైపు పల్లెలు. బస్సు దిగి ఆటోలో వెళ్ళాం. మేడం ఈరోజు నోరు మెదపనని ముందే చెప్పింది. వెతకడం, ఒప్పించడం అంతా నా పని.

మేడం పద్ధతుల్లో ఒకటి చెప్పుల లెక్క. మా పల్లెల్లో చెప్పులు గడప బయటే విడుస్తారు. ఇంట్లోకి వెళ్ళకుండానే ఎవరి పాదం ఎంతో తెలిసిపోతుంది. పాదం పెద్దదైతే మనిషి పొడుగు. నాలుగు వీధులు తిరిగాక ఒక ఇంటి మెట్టు మీద ఆడవాళ్ళ చెప్పులు కనిపించాయి. నా జానతో కొలిచాను. జాన మీద నాలుగు వేళ్ళు మిగిలాయి.

ఆ ఇంటి కోడలు లోపలికి పిలిచింది. మా టౌన్లో గేటు దగ్గరే "ఎవరు కావాలి?" అని అడుగుతారు. ఇక్కడ వచ్చినవాళ్ళు తిని చేయి కడుక్కునేదాకా ఎందుకొచ్చారని అడగడం మర్యాద కాదు. సంగటి, చెనిక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి, మజ్జిగ. ఊరుబిండి కారానికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపకు తగలకుండా చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. వాళ్ళాయన పాప గురించి అడిగినవాటితో సహా అన్నీ మాట్లాడాం, నేను వచ్చిన పని తప్ప.

చేయి కడుక్కుని మొదలుపెట్టాను. నిన్న మేడం మాట్లాడినవన్నీ మాట్లాడాను. హాస్టలు ఉచితం అన్నాను. పోలీసు ఉద్యోగాలన్నాను. "ఇంత పొడుగు దేవుడు ఊరికే ఇవ్వడన్నా, దాన్ని పొయ్యి దగ్గర వృథా చేయకండి" అన్నాను. నాకే కళ్ళు చెమర్చాయి.

భార్యాభర్తలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఎవురి గురించమ్మా నువ్వు సెప్తాండేది?" అన్నాడాయన.

"ఆ చెప్పులమ్మాయి గురించి."

ఆయన చాలాసేపు ఆ చెప్పులను చూశాడు. తర్వాత పెరటివైపు తిరిగి, "అమ్మా! ఓమ్మా!" అని పిలిచాడు.

కొట్టంలోంచి, గుమ్మం కింద నడుము వంచి, ఒక అవ్వ బయటికొచ్చింది. నిటారుగా నిలబడింది. ఆరడుగులకు ఒక వేలు తక్కువ. చేతిలో పేడ తట్ట.

"ఏందిరా?"

"నిన్ను కాలేజీలో చేరుస్తారంట. బాలాట ఆడల్లంట."

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. "బువ్వ పెడతారా?"

"మూడు పూటలా పెడతారంటమ్మా, హాస్టల్లో."

"సంగటా, అన్నమా?"

"అన్నమే అవ్వా" అన్నాను, ఇంక ఏం చెయ్యాలో తెలియక.

"అట్లయితే నేను రాను" అని తట్ట కింద పెట్టి, చేతులు కడుక్కుని, నన్ను అడగకుండానే పాపను ఎత్తుకుంది. అంత ఎత్తుకు పాప ఎప్పుడూ వెళ్ళలేదు. నేను కింద రెండు చేతులూ చాపి నిలబడ్డాను. "యాల భయపడతావు? ఏడుమందిని మోసిన చేతులివి" అంది అవ్వ. మనవరాళ్ళున్నారా అని ఆశగా అడిగాను. మనవరాళ్ళందరికీ పెళ్ళిళ్ళయిపోయాయట, మిగిలింది ఈ ఇంటి మనవడొక్కడేనట. తల్లి పోలికట. వాళ్ళమ్మ నా భుజం దాకా కూడా లేదు.

వీధిలోకి వచ్చాక చూస్తే మేడం కరెంటు స్తంభానికి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "చెప్పు పొడుగు సూసినావు. అరుగు సూడలా. మడమ కాడ ఒగపక్కే అరిగుంటే వయసైన మనిషి. ఆడపిల్ల చెప్పు ముందర అరుగుతాది, పరిగెత్తతాది గదా."

ఆ రోజంతా ఇంకో ఆరు గడపలెక్కాం. ఎవరూ దొరకలేదు.

బైరెడ్డిపల్లె

మూడో రోజు పొద్దున్నే పలమనేరు మీదుగా బైరెడ్డిపల్లె. మిట్ట పొలాలు, మామిడి తోటలు, దారి పక్కన గోతాల్లో మామిడికాయలు. ఇక్కడొక అమ్మాయి మీద మేడం రెండేళ్ళుగా కన్నేసి ఉంచింది. పేరు, చదువు, ఎత్తు అన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంది. "ఈ పిల్లని నీకు వదిలేస్తాండా, సులభంగా అయిపోతాది" అంది. నాకు సిగ్గేసింది గానీ వద్దనలేదు.

ఆ అమ్మాయి నాన్న ఒక బడి బస్సు నడుపుతాడు. ఆయన నాన్న కూలికి పోయేవాడట. ఇంట్లో అప్పుడే రంగులేశారు. మమ్మల్ని చూడగానే ఆయన మొహం వాడిపోయింది.

"మేడం, ఏమనుకోవద్దండి. మొన్న సాయంత్రమే బెంగళూరులో నర్సింగులో చేర్పిచ్చినాము."

మేడం తెచ్చిన అప్లికేషన్ మడిచి సంచిలో పెట్టేసింది. తర్వాత ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచి, చేతులు పట్టుకుని తిప్పి చూసింది. "మంచి చేతులు. సూదేసేటప్పుడు వణక్కుండా ఉంటాయి. బాగా చదువుకో తల్లీ" అంది. వాళ్ళిచ్చిన మజ్జిగ మొత్తం తాగింది. లేచేటప్పుడు ఆయన బాధపడుతుంటే, మేడమే ఆయన్ను ఓదార్చింది.

బస్టాపుకు నడుస్తుంటే పుస్తకం తీసి ఆ పేరు కొట్టేసింది. ఆ పుస్తకంలో కొట్టేసిన పేర్లే ఎక్కువ. నేను ఆ కాలేజీలో చదివిన మూడేళ్ళలో గెలిచిన కప్పులు మాత్రమే చూశాను. ఇలా మజ్జిగ తాగి లేచి వచ్చేసిన ఇళ్ళ గురించి ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

"ఇంక కుప్పమే మిగిలింది మేడం" అన్నాను.

"కుప్పంలో నాకు ఎవురూ తెలీదు" అంది.

అప్పుడే పాప తన పని తాను చేసింది. సంచిలో చెయ్యి పెట్టాను. రెండు థర్మామీటర్లు, మూడు టోపీలు, దోమల మందు, జలుబు చుక్కలు, విరేచనాల పొడి, అన్నీ ఉన్నాయి. డైపర్లు లేవు.

కుప్పం

కుప్పంలో దిగేసరికి మధ్యాహ్నమైంది. ఇది మూడు రాష్ట్రాల ముంగిట ఉన్న ఊరు. బస్టాండులో ఒకాయన అరవంలో బేరం మొదలుపెట్టి, కన్నడంలో తిట్టి, తెలుగులో డబ్బులిచ్చాడు. పన్నెండు గంటలకు కూడా ఇడ్లీ దొరుకుతుంది. మా ఊళ్ళో తొమ్మిదింటికే అయిపోతుంది. నేను తినలేదు. డైపరు కావాలి.

బస్టాండు వెనక గోవిందప్ప అనే ఆయన చిల్లర అంగడి ఉంది. గల్లాపెట్టె దగ్గర ఆయన, పక్కన చెనిగ్గింజలు చెరుగుతూ ఆయన భార్య మునిలక్ష్మి. డైపర్లు అడిగాను. అవి ఎక్కడో పైకప్పుకు ఆనుకున్న అరలో ఉన్నాయి.

"సుగుణా!" అని పిలిచాడాయన.

లోపలినుంచి ఒక అమ్మాయి వచ్చింది. మెడ ముందుకు వంచి, భుజాలు ముడుచుకుని నడిచింది. పొడుగున్నవాళ్ళు జనంలో అలాగే నడుస్తారు. నేనూ నడిచాను. స్టూలు కోసం చూడలేదు. చేయెత్తి, మునివేళ్ళ మీద కూడా లేవకుండా, ఆ ప్యాకెట్ దించింది.

నేను మేడం వైపు చూశాను. ఆమె చూపు తిప్పుకుని ఇడ్లీ కొట్టు వైపు చూస్తోంది. సాయం రానని అర్థం.

పాపకు డైపరు మార్చి, అంగట్లోనే కింద కూర్చోబెట్టి, మొదలుపెట్టాను. అమ్మాయి ఇంటర్ పాసయిందని, ఇంకా ఎక్కడా చేరలేదని తెలిసింది. కప్పులు, స్పోర్ట్స్ కోటా, పోలీసు ఉద్యోగం వరసగా చెప్పాను. గోవిందప్ప మధ్యలోనే అడ్డుకున్నాడు.

"ఈ పిల్ల పోతే పైన సరుకు ఎవురమ్మా దించేది?"

"నోరు మూసుకోప్పా" అంది మునిలక్ష్మి. "ఒగ స్టూలు కొనుక్కో. ఇన్నాళ్ళూ కన్న బిడ్డనే స్టూలు చేసుకున్యావు." తర్వాత నావైపు తిరిగింది. "ఉద్యోగాల మాట తర్వాతమ్మా. ఇంతవరకు అది ఒక్క రాత్రి కూడా నన్ను ఇడిసి ఉండలా. ఆడ ఎవురు సూసుకుంటారు?"

"అన్నీ బాగా చూసుకుంటారక్కా. ఏ భయమూ లేదు" అన్నాను.

ఆమె మళ్ళీ చెరుగుడు మొదలుపెట్టింది. ఆ చేట చప్పుడులోనే తెలిసిపోయింది, పని చెడిందని. ఇంకేదో అనబోతున్నాను. కంటి చివర పాప చెనిగ్గింజల గోతం దగ్గర కనిపించింది. బుగ్గ ఉబ్బి ఉంది.

ఎలా దూకానో నాకు తెలియదు. గల్లాపెట్టె పక్కనుంచి, బియ్యం మూట మీదుగా, పాపను బోర్లా నా ముంజేతి మీద వేసుకుని, వేలు పెట్టి గింజ తీసేశాను. పాప ఏడవడం కూడా మరిచిపోయింది. ఏడుస్తూ ఉన్నది నేనే.

మునిలక్ష్మి చేట పక్కన పెట్టింది. నీళ్ళిచ్చింది. "ఏం కాలేదులేమ్మా" అంది. నేను కూర్చుని, ఇక మేడం మాటలు ఒక్కటీ గుర్తురాక, నోటికొచ్చింది చెప్పేశాను.

"అక్కా, ఇందాక భయం లేదన్నది అబద్ధం. భయాలు చాలా ఉన్నాయి. మడమ మెలికపడుతుంది, మొదటి ఏడు రెండుసార్లయినా పడుతుంది. హాస్టల్లో సాంబారు నీళ్ళలా ఉంటుంది. మొదటి నెల రోజూ ఏడుస్తుంది. నెలసరి రోజుల్లో పరిగెత్తమని నేను చెప్పను, కానీ తను సిగ్గుపడి చెప్పదు. అది నేనే కనిపెట్టాలి. పోటీకి వెళ్ళినప్పుడు వేరే ఊళ్ళో బాత్రూం గడియలు సరిగ్గా ఉండవు, నేను ముందు వెళ్ళి చూస్తాను. నీళ్ళు మారితే జ్వరం వస్తుంది. నా దగ్గర రెండు థర్మామీటర్లున్నాయి."

"రెండు యాల?"

"ఒకటి తప్పు చూపిస్తే?"

మునిలక్ష్మి మొదట మెల్లగా, తర్వాత పగలబడి నవ్వింది. సుగుణ ఇంతసేపూ స్తంభం వెనక నిలబడి ఉంది. ఇప్పుడు ఒక్క మాట అడిగింది, నేలను చూస్తూ.

"అక్కా, ఆ ఆట ఆడితే ఇంకా పొడుగైపోతానా?"

నేను జవాబు చెప్పేలోపు గుమ్మంలోంచి మేడం గొంతు వినిపించింది. "నన్ను సూడు తల్లీ. ముప్పై ఒక్క ఏండ్లుగా ఆడిస్తాండా. ఒగ అంగుళం పెరగలా."

సుగుణ మేడాన్ని చూసింది, నవ్వాపుకోలేక నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నేను లేచి ఆమె పక్కన నిలబడ్డాను. నాకంటే రెండు అంగుళాలు ఎక్కువ. "అక్కడ అందరూ మనంత ఉంటారు. మెడ వంచాల్సిన పని ఉండదు" అన్నాను.

ఆమె తల్లివైపు చూసింది. ఆ చూపులో ఉన్నది తల్లికి అర్థమైంది.

"మేడం గారూ," అంది మునిలక్ష్మి, "మీ దగ్గరికైతే పంపేదాన్ని కాదు. మీరు దేనికీ భయపడేటట్లు లేరు. ఇంత భయపడే మనిషి దగ్గరైతే పంపిస్తా. నేను పడాల్సిన భయమంతా ఈమే పడతాది. నాకు నిద్దర పడతాది."

గోవిందప్ప అప్లికేషన్ మీద సంతకం పెడుతూ, స్టూలు ధర ఎంతుంటుందో అని పైకే అన్నాడు.

తిరుగు బస్సు

నాలుగు గంటల బస్సు. మేడం కిటికీ పక్కన, నేను ఇవతల, పాప ఒడిలో. పలమనేరు దాటాక మేడం పెన్ను తీసింది. తన చిన్న పుస్తకంలో సుగుణ పేరు రాసి, పక్కన నా పేరు రాసింది. ఆ పుస్తకం మూసి నా సంచిలో వేసింది.

ఇంతలో ఫోను మోగింది. మునిలక్ష్మి.

"అమ్మా, ఒగటి అడగడం మర్సిపోయినా. ఆ బాలు మొహానికి తగిల్తే పండ్లు ఊడతాయా?"

మేడం అలవాటు ప్రకారం ఫోను కోసం చేయి చాపింది. మళ్ళీ తనే వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఊడతాయక్కా," అన్నాను. "నాకు ఒకటి ఊడింది."

మేడం నుదురు కొట్టుకుంది. బస్సు ఒక గుంట దాటింది, ఇంకో గుంట దాటింది.

"ఏ పన్ను?"

"పై వరసలో, ఎడమపక్కది. కట్టించుకున్నాను."

"ఈడ నవ్వినావు గదా, నాకేం తెలీలేదే" అంది మునిలక్ష్మి. "సరే. సోమవారం పొద్దన్నే బస్సెక్కిస్తాము. యాడ కూసోమని సెప్పాల?"

"కండక్టరు వెనక సీట్లో కూర్చోమనండి. కిటికీ పక్కన వద్దు. ఎక్కగానే నాకు ఫోన్ చేయమనండి, పుంగనూరులో ఒకసారి, దిగే ముందు ఒకసారి. నేను అరగంట ముందే బస్టాండులో ఉంటాను."